గేటు దాటితే నేను సార్‌ని కాదు

(తిరుపతిలో పిల్లల షటిల్ వేసవి శిబిరం ముగింపు రోజున తల్లిదండ్రులతో ఒక కోచ్ మాట్లాడిన మాటలు. మాట్లాడినట్టే ఉంచాం, అక్కడక్కడా కాస్త కుదించాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినిపిస్తోందా అన్నా? సరే.

పిలకాయలు అవతల కోర్టుల్లో ఆడుకుంటున్నారు. వాళ్ళు పక్కన లేని టైం చూసి ఈ మీటింగ్ పెట్టించాను. వాళ్ళ ముందు మాట్లాడితే మీరు నా వైపు చూడరు, వాళ్ళ వైపు చూసి "విన్నావా, సార్ ఏం చెప్తున్నారో" అంటారు. ఈ రోజు సార్ చెప్పేది మీకే.

ఫ్లెక్సీ మీద "ఛాంపియన్‌ని తయారు చేయడం ఎలా" అని వేశారు. అది నాకు తెలీదు. నేను కరెంటాఫీసులో ఉద్యోగిని. చదువుకునే రోజుల్లో ఎస్వీ యూనివర్సిటీ తరఫున ఆడాను. ఇప్పుడు తెల్లారుజామున, మళ్ళీ ఆఫీసయ్యాక సాయంత్రం పూట పిలకాయలకి నేర్పిస్తాను. వాళ్ళలో ఇద్దరు నా పిల్లలే, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. కాబట్టి నాకు బాగా తెలిసిన విషయం ఒకటే. కన్నవాళ్ళే కోచ్ అయితే ఇంట్లో ఏం జరుగుతుంది అనేది.

"మేం కోచ్‌లం కాదు కదా, మాకెందుకు" అనుకోవద్దు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగానికి పైగా కోచ్‌లే. రాత్రి యూట్యూబ్‌లో స్మాష్ వీడియో చూసి, పొద్దున పిల్లాడికి డాబా మీద నేర్పించేవాళ్ళు ఉన్నారు. కోర్టు వెనక నెట్ పట్టుకుని "క్రాస్ ఆడు, క్రాస్ ఆడు" అని అరిచేవాళ్ళు ఉన్నారు. నేను స్ట్రెయిట్ ఆడమంటాను, నాన్న క్రాస్ ఆడమంటాడు, ఆ బిడ్డ షటిల్‌ని వదిలేసి మన ఇద్దరి మొహాలూ చూస్తుంది. పాయింట్ పోతుంది. పోయాక మనిద్దరం కలిసి తిడతాం. (నవ్వులు) నవ్వొచ్చేదే, కానీ ప్రతి టోర్నమెంటులో జరుగుతుంది.

మా ఇంట్లో ఒక రూలు ఉంది. అది నేను పెట్టింది కాదు, మా ఆవిడ పెట్టింది. ఒకరోజు రాత్రి అన్నాల దగ్గర మా అమ్మాయికి బ్యాక్‌హ్యాండ్ గురించి చెప్తున్నాను, పప్పు గరిటె చేత్తో తిప్పి చూపిస్తూ. ఆవిడ గిన్నె తీసి పక్కన పెట్టి, "ఇంట్లోకి కోచ్‌లు వస్తే నేను వడ్డించను. వాళ్ళ నాన్న వస్తే పిలవండి" అంది. అప్పటినుంచి కోర్టులో ఉన్నంతసేపు నా పిల్లలు కూడా నన్ను సార్ అనే పిలుస్తారు. గేటు దాటితే నాన్న. గేటు దాటాక ఆట గురించి నేను నోరెత్తకూడదు. వాళ్ళంతట వాళ్ళు అడిగితే చెప్పొచ్చు.

వినడానికి తేలిగ్గా ఉంటుంది. ఆచరణలో దాన్ని పాడు చేసేది బండి ప్రయాణం.

మ్యాచ్ అయిపోతుంది. పిల్లాడు ఓడిపోయాడు. కిట్ బ్యాగు తగిలించుకుని వచ్చి వెనక కూర్చుంటాడు. మనం బండి స్టార్ట్ చేస్తాం, క్లాసు కూడా స్టార్ట్ చేస్తాం. ఎమ్మార్‌పల్లె అయినా కొర్లగుంట అయినా, ఇల్లు వచ్చేదాకా ఆగదు. "సర్వీసు ఎందుకు అట్లా వేశావు? వాడు నీకన్నా ఏం గొప్ప? పొద్దున లేవమంటే లేస్తేగా." వెనక కూర్చున్న బిడ్డ మొహం మనకి కనపడదు. వాడు దిగి పోలేడు. సమాధానం చెప్పినా హెల్మెట్‌లో మనకి వినపడదు. అంతకన్నా చెడ్డ క్లాస్‌రూమ్ ఇంకోటి ఉండదు.

పోనీ అక్కడ చెప్పింది బుర్రకెక్కుతుందా? ఎక్కదు. అలసిపోయి, దాహంతో, అవమానంగా ఉన్న పిల్లవాడికి ఆ అరగంటలో కొత్త విషయం ఏదీ తలకెక్కదు. వాడికి గుర్తుండేది మన గొంతు ఒక్కటే. రెండేళ్ళు ఇట్లా జరిగాక పద్నాలుగో ఏట ఒకరోజు "కడుపునొప్పి, ఈ రోజు రాను" అంటాడు. తర్వాత వారం "పరీక్షలున్నాయి" అంటాడు. ఆట మానేసే పిల్లలు ఆట బాలేదని చెప్పి మానేయరు. ఏదో ఒక సాకు చెప్పి మానేస్తారు, మనం ఆ సాకు నమ్ముతాం.

నేను చేసేది చెప్తాను. మ్యాచ్‌లో చూసిన తప్పులు చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటాను. రాసుకుంటే నోటి దురద తీరుతుంది, అది మొదటి లాభం. మంగళవారమో బుధవారమో ప్రాక్టీసులో ఆ తప్పుకి తగ్గ డ్రిల్ పెడతాను. "ఆ రోజు నువ్వు ఇట్లా చేశావు" అని గుర్తు చేయాల్సిన పనే ఉండదు. గెలిచిన రోజు ఏ బజ్జీల బండి దగ్గర ఆగుతామో ఓడిన రోజు కూడా అదే బండి దగ్గర ఆగుతాం. కొందరు గెలిస్తే బజ్జీలు, ఓడితే నేరుగా ఇంటికి. అట్లా చేస్తే పిల్లాడు ఆటకీ బజ్జీకీ ముడిపెట్టుకుంటాడు. బజ్జీకి ముడిపెట్టుకున్నా పరవాలేదబ్బా, నాన్న మొహానికి ముడిపెట్టుకుంటాడు, అది ప్రమాదం.

మ్యాచ్ మధ్యలో సంగతి కూడా చెప్తాను. గేములో ఒకరికి 11 పాయింట్లు రాగానే 60 సెకన్ల విరామం ఉంటుంది. ఆ 60 సెకన్లలో ఒక్క మాట చెప్పండి. ఒక్కటే. "వాడి బ్యాక్‌హ్యాండ్ మూలకి వెయ్యి." అయిపోయింది. మిగతా టైం నీళ్ళు తాగనివ్వండి. నేను చూశాను, ఒక తండ్రి ఆ నిమిషంలో సర్వీసు, ఫుట్‌వర్కు, ఎదుటివాడి వీక్‌నెస్, హోటల్ రూం అద్దె, ఇంటి దగ్గర జేజి చేస్తున్న పూజ, అన్నీ చెప్పాడు. (నవ్వులు) బిడ్డ కోర్టులోకి పోయి వరసగా ఆరు పాయింట్లు ఇచ్చింది.

ఇక సొంత బిడ్డని కోచ్ చేసేవాళ్ళ అసలు కష్టం. రెండు రకాల తండ్రులుంటారు. ఒకరు తన బిడ్డకి మంచి పార్ట్‌నర్‌నీ, మంచి కోర్టునీ ఇచ్చుకుంటారు. దాన్ని మిగతా పిల్లలు ఒక్కరోజులో పసిగడతారు, ఎవరూ కనిపెట్టలేదని మనం అనుకుంటాం. ఇంకొకరు, పక్షపాతం అంటారేమోనన్న భయంతో, తన బిడ్డనే అందరికన్నా ఎక్కువ తిడతారు. పదిమంది లేటుగా వస్తే కొడుక్కి మాత్రం రౌండ్లు. జనం ఈ రెండో తండ్రిని మెచ్చుకుంటారు. ఎంత నిక్కచ్చి మనిషి అంటారు. నాకైతే ఆ రెండోదే ఎక్కువ అన్యాయం అనిపిస్తుంది. మన పేరు కోసం బిడ్డ చేత రౌండ్లు కొట్టిస్తున్నాం.

దీనికి మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఈ శిబిరంలో నాతో పాటు నేర్పించే ఇంకో ఆయన ఉన్నారు, ఆయన కూతురు కూడా ఆడుతుంది. సెలక్షన్లు, డబుల్స్ జంటలు వేయడం వచ్చినప్పుడు నా పిల్లల సంగతి ఆయన చూస్తారు, వాళ్ళ అమ్మాయి సంగతి నేను చూస్తాను. మ్యాచ్‌లో నా బిడ్డ వెనక కుర్చీలో కూర్చునేదీ ఆయనే. నేను గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొడతాను. చాలా కష్టంగా ఉంటుంది, అబద్ధం చెప్పను. చేతులు కట్టుకుని కూర్చోవడం స్మాష్ కొట్టడం కన్నా కష్టం.

పెద్దవాళ్ళ కథలు చూడండి. పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. నాన్న రమణగారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కంచు పతకం గెలిచిన జట్టులో ఉన్నారు, 2000లో అర్జున అవార్డు అందుకున్నారు. ఆ ఇంట్లో బిడ్డని వాలీబాల్‌లోకి దించడం ఎంత తేలిక! ఆ అమ్మాయి షటిల్ అంది. షటిల్ నేర్పేవాళ్ళ దగ్గరికి తీసుకుపోయి వదిలారు, రోజూ అంతంత దూరం తిప్పారు. ఆట తెలిసిన మనిషి అయ్యుండి, తనకి తెలిసిన ఆటని బిడ్డ మీద పెట్టలేదు. నాకు ఒలింపిక్ పతకాల కన్నా ఈ విషయమే ఎక్కువ నచ్చుతుంది.

అట్లని నాన్న కోచ్ అయితే కుదరదని కాదు. కోనేరు హంపికి చదరంగం నేర్పింది నాన్న అశోక్‌గారే. ఉద్యోగం వదిలి మరీ నేర్పించారు. 2002లో, పదిహేనేళ్ళకి, ఆ అమ్మాయి గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటికి ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ టైటిల్ సాధించిన ఆడపిల్ల లేదు. నేను చూసేది దాని తర్వాత. 2019లో ప్రపంచ రాపిడ్, అంటే తక్కువ టైంలో ఆడే చదరంగంలో, ఛాంపియన్. 2024లో, ఒక బిడ్డ తల్లిగా, 37 ఏళ్ళ వయసులో మళ్ళీ ఛాంపియన్. పదిహేనేళ్ళప్పుడు ఉన్న ఇష్టం ముప్పై ఏడేళ్ళకి కూడా మిగిలి ఉంది. నాన్న నేర్పితే ఆట మీద విరక్తి పుట్టాలనేమీ లేదు.

ఇప్పుడు కాస్త నిష్ఠూరమైన మాట. 2024 డిసెంబర్ 28న మెల్‌బోర్న్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి టెస్టు సెంచరీ కొట్టాడు. గ్యాలరీలో వాళ్ళ నాన్న ముత్యాల రెడ్డిగారు ఏడవడం దేశమంతా చూసింది. నేనూ ఏడ్చాను. కొడుకు ఆట కోసం ఆయన ఉద్యోగం వదిలేశారని పేపర్లో వచ్చింది. ఆ తర్వాత నా దగ్గరికి కొందరు తండ్రులు వచ్చి, "సార్, నేను కూడా వీఆర్ఎస్ తీసుకుందామనుకుంటున్నా" అన్నారు.

అన్నా, టీవీలో మనకి కనిపించింది ఒక్క నాన్న. ఉద్యోగం వదిలేసి, కొడుకు రంజీ దాకా కూడా రాక, ఇప్పుడు అప్పులు తీరుస్తున్న నాన్నల దగ్గరికి కెమెరా పోదు. గోపీచంద్‌గారు, షటిల్‌లో ఆల్ ఇంగ్లండ్ టోర్నమెంటు గెలిచిన మనిషి, దేశానికి అంతమంది ఆటగాళ్ళని ఇచ్చిన మనిషి, 2025 ఫిబ్రవరిలో ఏమన్నారో గుర్తుందా? డబ్బున్న కుటుంబం అయితే తప్ప పిల్లల్ని ఆటే జీవితం అనుకుని పంపొద్దన్నారు. చాలామందికి కోపం వచ్చింది. నాకు రాలేదు. పతకం రాని వందమందిని దగ్గరుండి చూసినవాడే ఆ మాట అనగలడు. కాకపోతే నేను ఆ మాటని ఇట్లా అర్థం చేసుకున్నాను: ఆడించండి, ఇంటిని పందెం కాయకండి.

ఖర్చు ఎట్లా పెరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. రాకెట్టు, షూస్, గట్టింగ్ అంటే రాకెట్టుకి తీగలు బిగించడం, అకాడమీ ఫీజు, టోర్నమెంట్ ఎంట్రీ, రైలు, రూం. ఫెదర్ షటిళ్ళ రేట్లు చూస్తే నాకే గుండె దడ. మొదటి ఏడాది, రెండో ఏడాది పిల్లలకి నైలాన్ షటిల్ చాలు. పదేళ్ళ బిడ్డకి పదివేల రాకెట్టు అక్కర్లేదు, గట్టింగ్ టైట్‌గా వేయిస్తే భుజం పోతుంది, అంతే. ఖర్చు పెట్టడం తప్పు కాదు. పెట్టిన ఖర్చుని బిడ్డకి లెక్క చెప్పడం తప్పు. "నీ కోసం మీ అమ్మ గాజులు బ్యాంకులో పెట్టాను" అని పన్నెండేళ్ళ పిల్లకి చెప్తే, ఆ తర్వాత సర్వీసు వేసేటప్పుడల్లా ఆ పిల్ల చేతిలో షటిల్ ఉండదు, అమ్మ గాజులుంటాయి. గాజులు పెట్టే పరిస్థితి వస్తే మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. పెట్టాలని నిర్ణయించుకుంటే ఆ సంగతి మీ దగ్గరే ఉంచుకోండి.

ఇంత టెన్షన్ ఎందుకు పడతాం? అండర్ 13 సెలక్షన్ పోతే అన్నీ పోయినట్టే అనుకుంటాం. ఇక్కడ కొంచెం లెక్క చెప్తాను, ఓపిక పట్టండి.

ఆడపిల్లలు గబగబా పొడుగెదిగే వయసు సుమారు 12. మగపిల్లలకి సుమారు 14. ఇది సగటు. ఒకడు 12కే ఎదుగుతాడు, ఇంకొకడు 16కి ఎదుగుతాడు. ఇద్దర్నీ 13 ఏళ్ళకి ఒకే కోర్టులో నిలబెడితే ముందు ఎదిగినవాడు గెలుస్తాడు. దాన్ని మనం టాలెంట్ అంటాం. మూడేళ్ళ తర్వాత రెండోవాడు ఎదిగి వచ్చేసరికి, మొదటివాడికి బలం తప్ప ఇంకేమీ నేర్పలేదని తెలుస్తుంది. ఇంకోటి, పుట్టిన నెల. వయసు లెక్క జనవరి 1 నుంచి కట్టే ఆటల్లో జనవరిలో పుట్టిన బిడ్డ, డిసెంబరులో పుట్టిన బిడ్డ ఒకే గ్రూపులో ఆడతారు. మధ్యలో పదకొండు నెలల తేడా. పదేళ్ళ వయసులో అది చాలా పెద్ద తేడా. కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ళ పుట్టిన నెలలు చూసి 1985లోనే ఈ సంగతి రాశారు. ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళే జట్ల నిండా ఉన్నారని. కాబట్టి డిసెంబరు పిల్లాడి తండ్రి అయితే, ఇంకొంచెం ఓపిక పట్టండి. జనవరి పిల్లాడి తండ్రి అయితే, ఇంకొంచెం తగ్గండి. (నవ్వులు)

ఈ తేడాని కొందరు వేరే దారిలో పూడుస్తారు. ఆ దారి మీకు తెలుసు. బర్త్ సర్టిఫికెట్. "ఒక ఏడాది దింపించండి సార్, అందరూ చేసేదే" అని నన్నే అడిగినవాళ్ళున్నారు. క్రికెట్ బోర్డు 2012 నుంచి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తోంది, ఎందుకు చూడాల్సి వచ్చిందో ఆలోచించండి. పట్టుబడితే నిషేధం, అది ఒక సంగతి. పట్టుబడకపోతే ఇంకా ఘోరం. తన వయసెంతో తనే అబద్ధం చెప్పాల్సిన బిడ్డకి, మనం ఏ నోటితో "షటిల్ లైన్ లోపల పడిందో బయట పడిందో నిజాయితీగా చెప్పు" అంటాం? నా దగ్గర అట్లాంటి సర్టిఫికెట్ తెస్తే నేను ఎంట్రీ ఫారం మీద సంతకం పెట్టను. దీని మీద బేరాలొద్దు.

మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు జీవితమంతా ఒక మాట చెప్పారు, పిల్లల్ని ఒకరితో ఒకర్ని పోల్చొద్దని. నేను అంత దూరం పోలేను. నాకు స్కోరు బోర్డు ఇష్టం, గెలవడం ఇష్టం, ఓడిపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు. కానీ స్కోరు ఎప్పుడు మొదలుపెట్టాలో నార్వేవాళ్ళని చూసి నేర్చుకోవచ్చు. వాళ్ళు 1987లోనే పిల్లల ఆటలకి నియమాలు రాసుకున్నారు, 2007లో సవరించుకున్నారు. పదకొండేళ్ళు వచ్చేదాకా ఫలితాల పట్టికలు, ర్యాంకులు ఉండవు. పదమూడేళ్ళు వచ్చేదాకా జాతీయ ఛాంపియన్‌షిప్ ఉండదు. ఆడాలా, ఎంత ఆడాలి అనే దాంట్లో పిల్లల మాటకి విలువ ఉంటుంది. ఇంత మెత్తగా పెంచితే పిల్లలు చెడిపోరా అంటారు. సుమారు 55 లక్షల జనాభా ఉన్న ఆ దేశం 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో 39 పతకాలతో మొదటి స్థానం. 2022లో 16 బంగారు పతకాలు, మళ్ళీ మొదటి స్థానం. వాళ్ళకి మంచు ఉంది, డబ్బుంది, ఒప్పుకుంటా. అయినా తొమ్మిదేళ్ళ బిడ్డకి ర్యాంకు లేకపోతే కొంపలు మునగవని మాత్రం తెలిసింది కదా.

ఇక శరీరం. మోకాలి చిప్ప కింద ముడిలాగా ఉబ్బి నొప్పి వస్తే, మడమ నొప్పితో పిల్లాడు కుంటుతుంటే, "బద్ధకం" అనొద్దు. పొడుగెదిగే వయసులో ఎముక చివర్లు మెత్తగా ఉంటాయి, కండరాలు వాటిని లాగుతుంటాయి. గెంతే ఆటలు, పరిగెత్తే ఆటలు ఆడే పిల్లల్లో ఇది మామూలే, విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది. విశ్రాంతి ఇవ్వకుండా స్ప్రే కొట్టి ఆడిస్తే తగ్గదు. ఎముకల డాక్టరుకి చూపించండి. అమెరికాలో నీరూ జయంతి అనే స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టరు, ఆయన బృందం పిల్లల గాయాల మీద పనిచేసి ఒక తేలికైన కొలత చెప్పారు. వారానికి ఆడే గంటలు బిడ్డ వయసుని దాటకూడదు. పదేళ్ళ బిడ్డకి వారానికి పది గంటలు. అంతే. అక్కడి పిల్లల వైద్యుల సంఘం కూడా వారానికి ఒకటి రెండు రోజులు సెలవు, ఏడాదిలో మొత్తం మీద మూడు నెలలు ఆ ఆట నుంచి విరామం ఇవ్వమంటుంది. మనం ఏం చేస్తున్నాం? పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, ఆదివారం మ్యాచ్‌లు. వేసవి సెలవులొస్తే డబుల్.

పైగా మనకి ఇంకో సౌకర్యం ఉంది, అలిపిరి మెట్లు. 3,550 మెట్లు. "స్టామినా పెరుగుతుంది సార్" అని పదకొండేళ్ళ పిల్లల చేత వారం వారం పరుగున ఎక్కించి, పరుగున దింపించే నాన్నలున్నారు. ఎక్కడం వల్ల ఊపిరి ఆడకపోతే ఆగుతారు, దిగేటప్పుడు మోకాళ్ళ మీద పడే బరువే చెరుపు. మొక్కు ఉంటే నడిచి ఎక్కండి, స్వామి దర్శనం చేసుకోండి, బస్సులో దిగండి. ఫిట్‌నెస్ కోసం కొండని వాడొద్దు.

మే నెల ఎండ సంగతి తిరుపతివాళ్ళకి నేను చెప్పేదేముంది. ఏడున్నర తర్వాత బయట గ్రౌండులో పరుగులొద్దు. తిండి కూడా పెద్ద విషయం కాదు. డబ్బాల్లో వచ్చే ప్రోటీన్ పౌడర్లు పిల్లలకి వద్దు. సంగటి, గుడ్డు, చెనిక్కాయలు, మజ్జిగ, అరటిపండు. మన ఇళ్ళలో ఉన్నవే.

ఒక ముఖ్యమైన మాట మరిచిపోయేవాణ్ణి. పిల్లల్ని బయటి ఊరి టోర్నమెంటుకి పంపుతున్నప్పుడు ఎవరు తోడు వెళ్తున్నారు, ఎవరు ఏ రూంలో పడుకుంటారు అని అడగండి. నన్నూ అడగండి. మొహమాటపడొద్దు. ఆడపిల్లలున్న జట్టుతో ఒక తల్లి తప్పకుండా వెళ్ళాలి. ఏ కోచ్ అయినా సరే బిడ్డని ఒంటరిగా రూంకి పిలిస్తే, రాత్రిపూట విడిగా మెసేజ్‌లు పెడితే, అది ఆటకి సంబంధించింది కాదు. పిల్లల సాయానికి ఉన్న 1098 హెల్ప్‌లైన్ నంబరు మీ పిల్లలకి నోటికి రావాలి. మంచి కోచ్ ఎవరూ ఈ ప్రశ్నలకి బాధపడరు.

నేను మాట్లాడాల్సింది మాట్లాడాను. ఇప్పుడు మీరు అడగండి.

(ఒక తల్లి: మావాడు ప్రతి మ్యాచ్‌కి ముందు వాంతి చేసుకుంటాడు సార్. ఏం చేయాలి?)

అమ్మా, ముందు డాక్టరుకి చూపించండి, కడుపు బాగుందో లేదో. బాగుంటే అది టెన్షనే. మ్యాచ్ రోజు పొద్దున ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. ఎంతమంది ఫోన్ చేసి "ఆల్ ది బెస్ట్, కొట్టుకుని రావాలి" అంటారు? వాట్సాప్‌లో డ్రా పెట్టి అత్తలకీ మామలకీ పంపుతారా? అవన్నీ ఆపండి. డ్రా మీరు చూడండి, వాడికి చూపించొద్దు. ఎవరితో ఆట అనేది కోర్టులోకి పోయాక తెలుస్తుంది. రెండు మూడు టోర్నమెంట్లకి ఎవర్నీ వెంట తీసుకురావొద్దు, మీరొక్కరే రండి. తగ్గకపోతే నాకు చెప్పండి, కొన్నాళ్ళు మ్యాచ్‌లు ఆపి ప్రాక్టీసు మాత్రమే పెడదాం.

(ఒక తండ్రి: వచ్చే ఏడాది టెన్త్. మాన్పించమంటారా?)

మాన్పించొద్దన్నా. తగ్గించండి. వారానికి మూడు రోజులు, గంట చొప్పున. ఆ గంట వల్ల మార్కులు పోవు. పోయేది ఆ గంట అయ్యాక ఫోన్ పట్టుకుంటే. స్పోర్ట్స్ కోటా కోసమే ఆడిస్తున్నారా? అట్లా అయితే ఒకమాట. కోటాలో సీటు వస్తే సంతోషం, కానీ సర్టిఫికెట్ కోసం మాత్రమే ఆడే పిల్లాడు సర్టిఫికెట్ వచ్చిన మర్నాడు రాకెట్టు వదిలేస్తాడు. అది మీ ఇష్టం. వదిలేసినా నష్టం లేదు అనుకుంటే ఆడించండి, ముందే ఆ సంగతి వాడికీ చెప్పండి.

(ఒక పెద్దావిడ: నాయనా, మా మనవడు ఆడనంటున్నాడు. వాళ్ళ నాయన ఊరుకోడు. కొడతాడు. నేనేం చెప్పేది?)

అవ్వా, ఇటు ముందుకొచ్చి కూర్చో. వాళ్ళ నాయన ఈ రోజు వచ్చాడా? రాలేదా? సరే. నీ దగ్గర ఫోన్ నంబరుంటే నాకియ్యి, నేనే మాట్లాడతా. ఇది నువ్వు చెప్పే విషయం కాదు, కోచ్ చెప్తే ఆయన వింటాడు. అబ్బోడి మీద చెయ్యి వేస్తే ఈ కోర్టుకి రావద్దని ఆయనకే చెప్తాను, అబ్బోడికి కాదు.

ఆడనంటే ఎందుకో వాణ్ణి నేనూ అడగను ఇప్పుడు. ఒక నెల రానియ్యకండి. నెల తర్వాత సాయంత్రం పూట ఊరికే తీసుకురా, కూర్చుని చూస్తాడు. ఆడాలనిపిస్తే దిగుతాడు, లేకపోతే నీతో పాటు ఇంటికి వచ్చేస్తాడు. వేరే ఆట అడిగినా సరే, కబడ్డీ నేర్పేవాళ్ళు నాకు తెలుసు, పరిచయం చేస్తా. రాకెట్టు మాత్రం అమ్మేయొద్దు, వాళ్ళ నాయన అమ్ముతానన్నా నా దగ్గర పెట్టమను. కట్టిన ఫీజు సంగతి నేను ఆఫీసులో చెప్తా, మిగిలింది వెనక్కి ఇప్పిస్తా.